కోటప్పకొండ నుంచి భువనగిరి బండకి

బాపట్లలో పుట్టినవాళ్ళకి కొండ అంటే కోటప్పకొండే. మా ఊరి చుట్టూ నల్లరేగడి, ఇసుకనేల, సూర్యలంక దగ్గర సముద్రం. ఎక్కడానికి గుట్ట కూడా లేదు. శివరాత్రి తిరనాళ్ళకి ప్రభల వెనక నరసరావుపేట దాకా వెళ్తే తప్ప రాయి మీద అడుగుపడదు.

ఆ కొండ మీద ఆనందవల్లి అనే గొల్లభామ కథ ఉంది. రోజూ ఎక్కి స్వామికి సేవ చేసేది. పరీక్షించడానికి ఆ కన్యకి గర్భమిచ్చింది ఆయనే. మోయలేక, నువ్వే కిందికి రమ్మంది. వస్తాను, వెనక్కి తిరిగి చూడొద్దన్నాడు. చప్పుడుకి బెదిరి చూసింది. ఆయన ఆగిపోయాడు, ఆమె శిలైపోయిందంటారు. ఎక్కగలిగినన్నాళ్ళూ భక్తురాలు, తిరిగి చూడగానే రాయి! కొండెక్కిన ఆడదాని గురించి మాకు చెప్పిన కథ ఇది.

మరో కథ భువనగిరిలో మొదలైంది. హైదరాబాదుకి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, భూగర్భంలో కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడ్డ ఏకశిల అది. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దాని మీద కోట కట్టించాడు. శత్రువు ఎక్కలేడనే ధీమాతోనే కదా అక్కడ కట్టింది. ఆ బండ మీదే సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలకి శేఖర్‌బాబు బాచినేపల్లి తాడు కట్టి ఎక్కడం నేర్పారు. పట్టుకోవడానికి పగులుండదు, కాలివేళ్ళ రాపిడే ఆధారం. రెండు చేతులూ రెండు కాళ్ళలో మూడు రాతిని అంటిపెట్టుకుని ఉండాలి, ఒక్కటే కదలాలి. దిగేటప్పుడు మాత్రం తాడు మీద భారం వేసి వెనక్కి వాలాలి. అడుగు ఎక్కడ పడుతుందో వెనక్కి తిరిగి చూసుకోకపోతే అసలు దిగలేరు.

అలా నేర్చుకున్న మాలావత్ పూర్ణ నిజామాబాద్ జిల్లా పాకాల లంబాడీ పిల్ల, వ్యవసాయ కూలీల కూతురు. 2014 మే 25న, 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా వెంట ఉన్నాడు. 1975లో జుంకో తబెయ్, 1984లో బచేంద్రీపాల్ శిఖరం చేరినప్పుడు వాళ్ళు ముప్ఫైకి అటూ ఇటూ ఉన్న స్త్రీలు. ఈమె తొమ్మిదో తరగతి పిల్ల.

ఇక్కడే నాకు మనసొప్పదు. నేపాల్ 16 ఏళ్ళలోపు వాళ్ళకి అనుమతి ఇవ్వదు కాబట్టి టిబెట్ వైపు నుంచి పంపారు. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు హిమపాతంలో 16 మంది చనిపోయారు. ఉన్నవాళ్ళ పిల్లనైతే అలా పంపేవాళ్ళా? కానీ ఈ ప్రశ్న ఆ వయసులోనే లంబాడీ పిల్లల్ని పెళ్ళికో, పత్తిచేలకో పంపుతుంటే మనం ఎంతమందిమి అడిగాం? 2022 నాటికి ఆమె ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కేసింది. సినిమా 2017లోనే వచ్చింది.

భువనగిరిలో తాడు కట్టుకుని, తర్వాతి ఎంపికల్లో మిగిలిపోయిన ఆడపిల్లల గురించి ఎవరూ సినిమా తీయలేదు. నేను కలవాలనుకుంటున్నది వాళ్ళని. బండ దిగి, చేతులు కడుక్కుని, మళ్ళీ క్లాసులో కూర్చున్నవాళ్ళని.