పురుగుమందు అప్పు నుంచి మన పొదుపు పుస్తకం దాకా



ప్రతి ఏడూ ఈ పుస్తకంలో ఎంత పొదుపు చేశాం, ఎంత లింకేజీ వచ్చింది, ఎంత తిరిగి కట్టాం అని లెక్కలు వేసుకుంటాం. ఈసారి లెక్కలతోపాటు మన సేద్యం చరిత్ర కూడా రాద్దామని మా గ్రామ సంఘం సమావేశంలో అనుకున్నాం. కారణం ఉంది. మనం తీసుకునే అప్పుల్లో ఎక్కువ భాగం చేనులోకే పోతోంది. అది చేనులోకి ఎట్లా పోయిందో, ఎట్లా వెనక్కి వస్తుందో తెలియకపోతే మన పొదుపు చిల్లు కుండలో నీళ్లే. మేము చదివింది తక్కువ. పెద్దవాళ్లు చెప్పగా విన్నది, శిక్షణల్లో నేర్చుకున్నది, చేలో చూసింది కలిపి రాస్తున్నాం.

తెల్లదోమ ఏడు

మాలో చాలామందిమి అప్పటికి పుట్టలేదు, పుట్టినవాళ్లం ఒళ్లో పిల్లలం. 1987–88 పంటకాలం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద తెల్లదోమ పడింది. మా అమ్మలు ఇప్పటికీ ఆ ఏడాదిని 'తెల్లదోమ ఏడు' అనే అంటారు. ఆకు అడుగున తెల్లగా పొడి చల్లినట్టు ఉండేదట. చెట్టు కదిలిస్తే పొగలాగా లేచేదట. ఆకులు జిగురెక్కి, నల్లబడి, ఎండిపోయాయి. అప్పుల్లో మునిగిన పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగు కోసం తెచ్చిన మందే కొందరు తాగారు.

మందు కొట్టకపోతే దోమ వచ్చిందా? కాదు, కొట్టీ కొట్టీ వచ్చింది. 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే కొత్త మందులు వచ్చాయి. మొదట కొడితే పచ్చపురుగు పటుక్కున రాలిపోయేది. అందరూ అవే కొట్టారు. పురుగుతోపాటు పురుగును తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు, అల్లిక రెక్కల పురుగులు కూడా పోయాయి. తినేవాళ్లు లేక దోమ పెరిగింది. తర్వాత పచ్చపురుగు కూడా ఆ మందులకు అలవాటు పడింది. పదేళ్లకు, 1997–98లో, వరంగల్ జిల్లాలో పత్తి రైతులకు ఇదే గతి పట్టింది.

ఇంకో సంగతి. మందు అమ్మేవాడే చాలా ఊళ్లలో అప్పు ఇచ్చేవాడు, చివరికి పంట కొనేవాడూ అతనే. ఏ మందు కొట్టాలో చెప్పేదీ అతనే. మా నాన్నవాళ్లు కొట్టులో పద్దు రాయించుకుని డబ్బాలు తెచ్చేవాళ్లు. పంట వచ్చాక పద్దు తీరిస్తే చేతికి మిగిలింది ఎంతో ఇంట్లో ఆడవాళ్లకు ఎప్పుడూ తెలిసేది కాదు. తాకట్టుకు మాత్రం మన కమ్మలు కావాల్సి వచ్చేవి.

సారా మాన్పించిన చేతులు పొదుపు పట్టాయి

1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షర దీపం చదువుకున్న ఆడవాళ్లు సారా కొట్టు ముందు నిలబడ్డారు. అది ఊరూరా పాకింది. 1993లో రాష్ట్రంలో సారా బంద్ అయింది. ఆ ఉద్యమంలో నుంచే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు లేచాయి. 2000లో సెర్ప్ ఆధ్వర్యంలో వెలుగు మొదట ఆరు జిల్లాల్లో మొదలై, తర్వాత రాష్ట్రమంతా వచ్చింది. సంఘాలు కలిసి గ్రామ సంఘాలు, అవి కలిసి మండల సమాఖ్యలు అయ్యాయి. ఈ మెట్లన్నీ మీకు తెలిసినవే.

మొదట్లో మన అప్పు గేదెకు, కుట్టుమిషనుకు, పిల్లల చదువుకు అనుకున్నాం. నిజానికి సగం పురుగుమందు పద్దుకే పోయేది. సంఘం అప్పు తెచ్చి కొట్టు అప్పు కట్టేవాళ్లం. మన పొదుపు ఎటు పోతోందో తెలిశాకే సేద్యం గురించి ఆలోచన పుట్టింది.

పునుకుల ఆడవాళ్లు

ఖమ్మం జిల్లా పాల్వంచ దగ్గర పునుకుల అనే ఊరుంది. ఇప్పుడది భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అక్కడా పత్తే, అక్కడా మందు అప్పులే. 1999 నుంచి సెక్యూర్ అనే సంస్థ సాయంతో కొద్దిమంది రైతులు పురుగుమందు లేకుండా పత్తి పండించి చూశారు. పక్కవాళ్లు నవ్వారు. పంట ఇంటికొచ్చాక నవ్వు ఆగింది. దిగుబడి పెద్దగా తగ్గలేదు, మందు ఖర్చు పోయింది.

అక్కడ పని ముందుకు తీసుకుపోయింది ఆడవాళ్ల సంఘాలే. మందు కొట్టి వచ్చిన మగవాళ్లు కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రికి మోసుకెళ్లింది, ఆ బట్టలు ఉతికింది, డబ్బాలు కడిగింది వాళ్లే కదా. వేపగింజలు ఏరి, ఎండబెట్టి, పొడి కొట్టే యంత్రం పెట్టుకున్నారు. 2004 నాటికి పంచాయతీ మొత్తం మా ఊరికి పురుగుమందు వద్దని తీర్మానం చేసింది. వరంగల్ జిల్లా (ఇప్పటి జనగామ) ఏనబావి ఇంకో అడుగు వేసి, ఎరువుతో సహా రసాయనాలన్నీ మానేసిన ఊరుగా 2006లో పేరు తెచ్చుకుంది.

పునుకుల చూశాక సెర్ప్ ఈ పనిని మహిళా సమాఖ్యల చేతికి ఇచ్చింది. దాన్ని ఎన్‌పీఎం అన్నారు, అంటే పురుగుమందు లేకుండా పురుగును అదుపు చేయడం. 2009 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 3 లక్షలకు పైగా రైతులు, 13 లక్షల ఎకరాలకు పైగా ఈ దారిలోకి వచ్చారు. కంపెనీ ప్రచారం లేదు, టీవీ ప్రకటన లేదు. చేసి చూపిన రైతు, పక్కనే కూర్చుని లెక్క రాసిన సంఘం అక్క, అంతే.

మేము నేర్చుకున్న పని

ఇందులో మంత్రం ఏమీ లేదు. పురుగు బతుకు తెలుసుకోవడమే. లోతు దుక్కి దున్నితే భూమిలో ఉన్న కోశస్థ దశ పురుగు ఎండకు, పక్షులకు పోతుంది. చేను చుట్టూ నాలుగు వరసలు జొన్న వేస్తే దోమ లోపలికి రాకుండా కంచె. మధ్యలో ఆముదం వేస్తే లద్దెపురుగు గుడ్లు దాని మీదే పెడుతుంది, ఆ ఆకు తుంచి పారేస్తాం. బంతి కూడా అట్లాంటి ఎర పంటే. ఎకరానికి నాలుగైదు లింగాకర్షక బుట్టలు పెడితే పురుగు వచ్చిందీ లేనిదీ ముందే తెలుస్తుంది. కర్రలు పాతితే పక్షులు వచ్చి వాలతాయి.

ఇవన్నీ చేసినా పురుగు మించితే అప్పుడు వేపగింజల కషాయం. 5 కిలోల గింజల పొడి 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, బట్టలో పిండి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, 100 లీటర్లు చేసి సాయంత్రం పూట కొట్టాలి.

2016 నుంచి మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం మొదలుపెట్టింది. అందులోనూ శిక్షణ, అప్పు, పర్యవేక్షణ అన్నీ మన సంఘాల మీదే నడుస్తున్నాయి. ఎన్‌పీఎం పురుగు దగ్గర ఆగింది, ఇది నేల దగ్గర మొదలైంది. విత్తనానికి బీజామృతం, నేలకు జీవామృతం, నేల మీద ఆచ్ఛాదన. ఎకరానికి 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవుపేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గట్టు మీది గుప్పెడు మట్టి వేసి నీడలో 48 గంటలు ఉంచుతాం. పూటకోసారి కర్రతో కలపాలి. వానలకు ముందే రకరకాల విత్తనాలు కలిపి పొడి దుక్కిలో చల్లడం కూడా నేర్చుకున్నాం. నేల ఎప్పుడూ ఏదో ఒక పచ్చదనంతో కప్పి ఉండాలన్నది దాని సారం.

లాభం లెక్క

"మందు లేకపోతే దిగుబడి తగ్గుతుంది కదమ్మా" అని ప్రతి ఊళ్లో అడుగుతారు. మొదటి ఏడు కొంత తగ్గవచ్చు, మాకూ తగ్గింది. కానీ బస్తాలు లెక్కపెట్టడం వేరు, మిగులు లెక్కపెట్టడం వేరు. ఒక ఉదాహరణ చూడండి.

ఒక అక్క ఎకరానికి 30,000 ఖర్చు పెట్టింది, పంట 50,000కు అమ్మింది. మిగులు 20,000 అనుకుంటుంది. ఖర్చు బయట నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. ఎనిమిది నెలలకు వడ్డీ 4,800. అసలు మిగులు 15,200. ఇంకో అక్క 18,000 ఖర్చు పెట్టింది, పంట 44,000కే అమ్మింది. సంఘంలో రూపాయి వడ్డీకి తెచ్చింది, ఎనిమిది నెలలకు 1,440. మిగులు 24,560. బస్తాల్లో మొదటి అక్క గెలిచింది, ఇంటికొచ్చిన డబ్బులో రెండో అక్క గెలిచింది. ఈ లెక్క చేయడానికి పెద్ద చదువు అక్కర్లేదు, పుస్తకం తెరవాలి అంతే.

ఈ లెక్కలో రాయని కాలమ్ ఒకటుంది. ఆడవాళ్ల పని. పేడ ఎత్తేది, గింజలు ఏరేది, కషాయం కాచేది ఎవరు? ఖర్చు తగ్గిందంటే కొంత మన ఒంటి మీద పడినట్టే. మొదట్లో మేము దాన్ని లెక్క వేయలేదు. ఇప్పుడు మా సంఘంలో మన కూలి కూడా రాస్తున్నాం. తయారీ ఒక్కో ఇంట్లో కాకుండా ఒక్కచోట చేసి, చేసేవాళ్లకు కూలి ఇచ్చి, మిగతావాళ్లు కొనుక్కునేట్టు పెట్టాం. ఆవు లేని అక్కలకు కూడా దారి దొరికింది.

మిర్చి మీద దెబ్బ

మంచి మాత్రమే రాస్తే అది చరిత్ర కాదు. 2021–22లో మిర్చి మీద కొత్త రకం నల్ల తామర పురుగు పడింది. పూలలో చేరి పూత రాల్చేసింది. రోజు విడిచి రోజు మందు కొట్టినవాళ్ల చేలూ పోయాయి, కషాయాలు కొట్టిన మా చేలూ దెబ్బతిన్నాయి. మా సంఘంలో ఇద్దరు అక్కలు భయపడి మళ్లీ కొట్టుకు వెళ్లి పద్దు రాయించుకున్నారు. మేము వాళ్లను తప్పుపట్టలేదు. అప్పు నెత్తి మీద ఉన్నప్పుడు ఎవరు మాత్రం ఏం చేస్తారు.

కానీ లెక్కలు పక్కపక్కన పెట్టి చూశాం. పంట అందరికీ పోయింది. పెట్టుబడి తక్కువ పెట్టినవాళ్లకు పోయింది తక్కువ. అంతర పంటలు వేసినవాళ్లకు కందులు, కూరగాయలు ఏవో కొన్ని వచ్చాయి. ఒక్క మిర్చినే నమ్మి, చుక్క చోటు వదలకుండా వేసినవాళ్లకు ఏమీ మిగల్లేదు. మా అత్త ఒకటే మాట అంది: "తెల్లదోమ ఏడు కూడా ఇట్లాగే పత్తి తప్ప ఇంకేం వేయలేదే." ఆ మాటతోనే ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన గట్టిపడింది.

కౌలు అక్కల కష్టం వేరు. నేల బాగుపడాలంటే మూడు నాలుగేళ్లు పడుతుంది. కౌలు ఏడాదికే. బాగుచేసిన నేలకు మరుసటి ఏడు ఆసామి కౌలు పెంచితే ఆమె ఎందుకు బాగుచేయాలి? 2019 చట్టం ప్రకారం సాగుదారు హక్కు పత్రం వచ్చినా దాని గడువు 11 నెలలే. దీనికి జవాబు మన ఒక్క సమాఖ్య చేతిలో లేదు. అడగడం మాత్రం మన చేతిలో ఉంది.

ఈ ఏడు మా మాట

2024లో పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతి మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయానికి కూడా వచ్చింది. సంతోషమే. కానీ బహుమతి వల్ల మన అప్పు తీరదు. అందుకని మా గ్రామ సంఘం మూడు పనులు అనుకుంది. సాగు అప్పు తీసుకునే ప్రతి అక్కా పంట లెక్క పుస్తకం రాయాలి, అందులో తన కూలి కూడా రాయాలి. ఒక్క పంట మీదే మొత్తం అప్పు పెట్టకుండా కనీసం రెండు అంతర పంటలు వేయాలి. కౌలు అక్కలు భూమి ఆసామితో మూడేళ్ల మాట తీసుకునేందుకు సంఘం పెద్దలుగా మేము వెంట వెళ్లాలి.

కొట్టుకు తిరిగి వెళ్లిన ఇద్దరిలో ఒక అక్క పోయిన వేసవిలో మళ్లీ వచ్చి వేపగింజల దగ్గర కూర్చుంది. ఇంకో అక్క ఇంకా రాలేదు. ఆమె పొదుపు మాత్రం నెల తప్పకుండా కడుతోంది. ఆమె పుస్తకంలో పంట లెక్క పేజీ ఖాళీగా ఉంచాం, వచ్చినప్పుడు రాయడానికి.