నెమలి గదిలో చెక్క అరలు

మన ఇళ్ళల్లో హాల్లో షోకేసు ఉంటుంది కదా. కొండపల్లి బొమ్మలు, పిల్లలకి వచ్చిన కప్పులు, ఎవరో ఇచ్చిన పింగాణీ సెట్టు అందులో సర్దుతాం. వచ్చినవాళ్ళు బొమ్మల్ని మెచ్చుకుంటారు. షోకేసు చేసిన వడ్రంగి ఎవరని అడిగేవాళ్ళు తక్కువ. 150 ఏళ్ళ కిందట లండన్‌లో ఒక పెద్దింట్లోనూ ఇలాగే జరిగింది.

ఫ్రెడరిక్ లేలాండ్ లివర్‌పూల్ ఓడల వ్యాపారి. నీలం, తెలుపు రంగుల చైనా పింగాణీ అంటే ఆయనకి ప్రాణం. వాటిని పెట్టుకోవడానికి లండన్ ఇంట్లో భోజనాల గది నిండా వాల్‌నట్ చెక్క అరలు చేయించాడు. గీసిచ్చింది థామస్ జెకిల్. గోడలకి పాతకాలపు తోలు, దాని ముందు సన్నటి నిలువు కమ్మీలు, మధ్యలో జాడీలకి చిన్న చిన్న గూళ్ళు.

1876లో పని చివరికొచ్చేసరికి జెకిల్‌కి మతి చలించింది. రంగుల గురించి లేలాండ్ సలహా అడిగింది విస్లర్ అనే చిత్రకారుణ్ణి. యజమాని ఊళ్ళో లేనప్పుడు ఆయన తోలు మీద నీలిపచ్చ రంగు వేసేశాడు, అరలకి బంగారు పూత పూసేశాడు, కిటికీ తలుపుల మీద నెమళ్ళు దింపాడు. ఆపైన 2,000 గినీలు అడిగాడు! లేలాండ్ 1,000 పౌండ్లు చేతిలో పెట్టాడు. గినీ అంటే పౌండు మీద ఒక షిల్లింగు ఎక్కువ. కళాకారులకి గినీల్లో, పనివాళ్ళకి పౌండ్లలో ఇవ్వడం అక్కడి మర్యాద. విస్లర్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ కోపంలో గోడ మీద కొట్లాడుకునే రెండు నెమళ్ళని వేశాడు, ఒకదాని కాళ్ళ దగ్గర నాణేలతో సహా.

తర్వాత ఆ ఇల్లే చెదిరిపోయింది. 1879లో లేలాండ్, భార్య ఫ్రాన్సిస్ విడిపోయారు. 1892లో ఆయన పోయాడు, పింగాణీ వేలంలో అమ్ముడుపోయింది. 1904లో అమెరికా వ్యాపారి చార్లెస్ ఫ్రీర్ ఆ గదిని కొని, డెట్రాయిట్‌లో తన ఇంట్లో బిగించుకున్నాడు. అవే అరల్లో తను సేకరించిన ఆసియా మట్టిపాత్రలు సర్దుకున్నాడు. ఇప్పుడది వాషింగ్టన్‌లో ఆయన పేరుతో 1923లో తెరిచిన మ్యూజియంలో ఉంది.

అందరూ దాన్ని విస్లర్ నెమలి గది అంటారు. జెకిల్ 1881లో పిచ్చాసుపత్రిలోనే కన్నుమూశాడు.

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు వీలైతే చూసి రండి. నెమళ్ళని చూశాక ఆ కమ్మీల దగ్గర కూడా కాసేపు ఆగండి. పైన బంగారం విస్లర్‌ది, లోపల చెక్క జెకిల్‌ది.