కృత్రిమపు తుంటికీలు: దాని చరిత్ర



గొల్లపల్లి రచ్చబండపై కూర్చున్న పెద్దలకు, వీధిలో నొకవైపు ఒరగి నడచు పడుచుపిల్ల కంటబడకపోదు. కొందఱు దానిని గ్రహణదోష మందురు. మఱికొందఱు పూర్వకర్మ మందురు. తఱచుగా దానికి కారణము పుట్టుకతో కుదురని తుంటికీలు. తొడయెముక తల బంతి. కటియెముకలోని గుంట గిన్నె. గిన్నె లోతు చాలనిచో బంతి జాఱును, అంచు నొరయును. చిన్ననాట నొప్పి యుండదు. ఇరువది, ముప్పది యేండ్లకు కీలరిగి బాధ మొదలగును.

అరిగినకీలును మార్చవలెనను తలంపు పాతదే. పందొమ్మిదవ శతాబ్ది చివర బెర్లినులో గ్లుక్ పండితుడు ఏనుగుదంతముతో కీలు చేసెను. 1938లో లండనున వైల్స్ ఉక్కుతో బంతిని, గిన్నెను అమర్చెను. ఆ పద్ధతులు వ్యాప్తికి రాలేదు.

ఇంగ్లండున రైటింగ్టన్ ఆసుపత్రిలో జాన్ చార్న్లీ చిన్న ఉక్కుబంతికి టెఫ్లాన్ గిన్నె జతచేసెను. తొలుత రోగులు హాయిగా నడచిరి. కొలదియేండ్లకే గిన్నె లరిగి, ఆ పొడిచే కీళ్లు చెడెను. చార్న్లీ తన తప్పును దాచలేదు. ఆ పదార్థమును తన తొడలోనే పెట్టించుకొని పరీక్షించెను. చెడినకీళ్లను తానే మరల కోసి సరిచేసెను. 1962లో క్రేవన్ అను పనివాడు పాలిథిలీను ముక్కను యంత్రముపై నొరపిడికి పెట్టెను. అది వ్యర్థమని చార్న్లీ యనినను అతడు మానలేదు. వారములు గడచినను అది యించుకయే అరిగెను. ఆ సంవత్సరము నవంబరులో దానిని రోగికి అమర్చిరి. నేటి శస్త్రవిద్యకు అదియే పునాది.

అయినను యువకుల విషయము వేఱు. వృద్ధుడు కొలదిగా నడచును. పడుచువాడు పొలమున, పరుగున కీలు నరగదీయును. అమర్చిన కీళ్లలో నూటికి సుమారు 58 ఇరువదియైదేండ్లు నిలిచినవని 2019లో ప్రకటితమైన పరిశోధన తెలుపుచున్నది. అనగా పాతికేండ్ల పిల్లకు ఏబదియవయేట రెండవ శస్త్రచికిత్స తప్పకపోవచ్చును. పైగా నిస్సారమైన గిన్నెలో క్రొత్తకీలు కుదుర్చుటయు కష్టమే. అందుచేతనే కీలింకను అరుగని వారికై బెర్న్ నగరమున గాంజ్ 1984లో గిన్నెనే కోసి త్రిప్పి నిలుపు పద్ధతి నాచరించెను.

వీటన్నిటికంటె ముందుగా కనుగొనుటయే మేలు. ఇటలీ వైద్యుడు ఆర్టొలానీ 1937లోనే పసిబిడ్డ తొడలను చేతితో విప్పి, జాఱినకీలును గుర్తించు విధము తెలిపెను. తొలి నెలలలో మెత్తనిపట్టీలే పెక్కుబిడ్డలకు చాలును. కాళ్లు చాచి బిగించిచుట్టుట హానికరమని జపానులో 1975 నుండి ప్రచారముచేయగా వ్యాధి మిగుల తగ్గెను. మన తల్లులు కాళ్లు విచ్చి బిడ్డను చంకనెత్తుకొను ఆచారము మేలైనదే, దానిని విడువకుడు.

పెద్దలారా, ఒకతొడ విప్పుకొననిచో, కాలు పొట్టిగా కనబడినచో, ఆ బిడ్డను గ్రహణము పేర విడువక వెంటనే జగిత్యాల వైద్యునికి చూపింపుడు. నేడు మీరు చెప్పు నొక్కమాట, ఆ బిడ్డకు రేపటి కత్తిగాటును తప్పించును.