కుందేలు కంట్లో వేయకుండా కాటుక భద్రత తేల్చేదెలా?

మొయినాబాద్ మండలం చిన్న మంగళారం లాంటి ఊళ్లలోనైనా, చేవెళ్ల బజారులోనైనా, హైదరాబాద్ బేగంబజార్‌లోనైనా ఇప్పుడు దొరికే సౌందర్య సామగ్రి దాదాపు ఒకటే. షాంపూ, ఫేస్ క్రీమ్, హెయిర్ డై, మెహందీ కోన్, సుర్మా... పండుగ వచ్చినా, ఇంట్లో నికాహ్ ఉన్నా వీటి కొనుగోలు మరింత పెరుగుతుంది. కొన్ని డబ్బాల మీద ‘జంతువులపై పరీక్షించలేదు’ అని రాసి ఉంటుంది. అది చదివిన కొందరికి సంతోషం. మరికొందరికి అనుమానం: ‘అంటే అసలు పరీక్షే చేయలేదా? మరి పిల్లల ముఖానికి పూయడం ఎలా?’

ఈ అనుమానం న్యాయమైనదే. జవాబు మాత్రం సూటిగా ఉంది. జంతువు మీద పరీక్ష లేదంటే పరీక్షే లేదని కాదు. పరీక్ష వేరే పద్ధతిలో జరుగుతుంది. ఏ పరీక్షకూ వెళ్లకుండా నేరుగా అంగట్లోకి వచ్చే సరుకుతోనే అసలు భయం.

చట్టం ఏం చెబుతోంది?

సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని భారతదేశం 2014లో నిషేధించింది. ఇందుకోసం అదే ఏడాది మే నెలలో డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ నిబంధనల్లో 148-సి అనే నియమాన్ని చేర్చారు. జంతువులపై పరీక్షించిన సౌందర్య సాధనాల దిగుమతి కూడా ఆ ఏడాది నవంబర్‌ నుంచి ఆగిపోయింది. దక్షిణాసియాలో ఈ అడుగు వేసిన మొదటి దేశం మనదే. తర్వాత వచ్చిన కాస్మెటిక్స్ రూల్స్ 2020లో కూడా ఈ నిషేధం కొనసాగింది. యూరోపియన్ యూనియన్ దశలవారీగా కదిలి, 2013 మార్చిలో అమ్మకాలపై పూర్తి నిషేధం పెట్టింది. దిగుమతి అయ్యే సాధారణ సౌందర్య సాధనాలకు జంతు పరీక్ష తప్పనిసరి అన్న షరతును చైనా 2021 మేలో సడలించింది.

ఈ నిషేధం సౌందర్య సాధనాలకే. మందులకు వర్తించదు. ఒకే పదార్థాన్ని మందులోనూ, క్రీములోనూ వాడుతుంటే, మందు కోసం దాన్ని ఎప్పుడో జంతువులపై పరీక్షించి ఉండవచ్చు.

కుందేలు ఎందుకొచ్చింది?

1930లలో అమెరికాలో ‘లాష్ లూర్’ అనే రంగు అమ్మేవారు. కనురెప్పల వెంట్రుకలకు వేసుకునే రంగు అది. అందులో పారాఫినైలిన్ డయామిన్ (పి.పి.డి.) అనే రసాయనం ఉండేది. దానివల్ల పలువురు మహిళల కళ్లు దెబ్బతిన్నాయి, ఒకరు ప్రాణమే కోల్పోయారు. సౌందర్య సాధనాలను కూడా ప్రభుత్వ నియంత్రణ కిందికి తెస్తూ అమెరికా 1938లో చట్టం చేయడానికి ఇలాంటి ఘటనలే కారణం.

1944లో జాన్ డ్రెయిజ్ అనే అమెరికా ప్రభుత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక పరీక్షను ప్రచురించారు. కుందేలు ఒక కంట్లో పదార్థాన్ని వేసి, రెండో కన్నును పోలిక కోసం వదిలేస్తారు. ఎరుపు, వాపు, పుండు ఎంత వచ్చాయో రోజుల తరబడి చూసి మార్కులు వేస్తారు. ప్రపంచమంతా దశాబ్దాల పాటు ఈ పరీక్షనే నమ్ముకుంది.

ఇందులో జాలి ఒక్కటే సమస్య కాదు. కుందేలు కన్ను మనిషి కన్ను లాంటిది కాదు. దానికి మూడో రెప్ప ఉంటుంది, కన్నీరు తక్కువ, రెప్ప వేయడమూ తక్కువే. దాని చర్మం కూడా మనిషి చర్మం కంటే తేలిగ్గా పదార్థాలను పీల్చుకుంటుంది. కాబట్టి కుందేలు చెప్పిన జవాబు మనిషికి ప్రతిసారీ సరిపోదు. 1959లోనే రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు జంతువులకు బదులు వేరే దారి వెతకాలని, వాడక తప్పకపోతే సంఖ్య తగ్గించాలని, బాధ తగ్గించాలని సూత్రీకరించారు.

ఇప్పుడు ఎలా పరీక్షిస్తున్నారు?

ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఆమోదించిన పద్ధతులను చాలా దేశాలు గుర్తిస్తాయి. ముఖ్యమైనవి ఇవి.

చర్మం మంట: శస్త్రచికిత్సల్లో మిగిలిన చర్మాన్ని దాతల అనుమతితో సేకరిస్తారు. అందులోని కణాలను ల్యాబ్‌లో పెంచితే పొరలు పొరలుగా, మనిషి పైచర్మం లాంటి చిన్న బిళ్లలు తయారవుతాయి. వాటి మీద పదార్థాన్ని కాసేపు ఉంచి, కడిగేసి, తర్వాత ఒక పసుపు రంగు ద్రావణం కలుపుతారు. బతికున్న కణాలు దాన్ని ఊదా రంగులోకి మారుస్తాయి. ఊదా రంగు ఎంత గాఢంగా వస్తే అన్ని కణాలు బతికి ఉన్నట్టు. సగానికి సగం కణాలు చచ్చిపోతే ఆ పదార్థం చర్మాన్ని మండిస్తుందని తేలుస్తారు.

కళ్ల మంట: కంటి పైపొరను కూడా మనిషి కణాలతో ఇలాగే పెంచుతారు. ఇక్కడ 60 శాతానికి మించి కణాలు బతికితేనే ఆ పదార్థానికి హెచ్చరిక అవసరం లేదంటారు. మరో పద్ధతిలో కబేళాల నుంచి తెచ్చిన కోడి కళ్లు, పశువుల కళ్లు వాడతారు. మాంసం కోసం కోసిన వాటి కళ్లే ఇవి, పరీక్ష కోసమని వేరుగా దేన్నీ కోయరు.

అలర్జీ: దీన్ని ఒక్క పరీక్షతో తేల్చలేరు. పదార్థం చర్మంలోని ప్రొటీన్లకు అంటుకుంటుందా, చర్మ కణాలు అపాయం సంకేతం ఇస్తున్నాయా, రోగనిరోధక కణాలు మేల్కొంటున్నాయా అని మూడు మెట్లుగా చూస్తారు. వీటిలో రెండు ఒకే జవాబు ఇస్తే దాన్నే ఖాయం చేసే పద్ధతిని ఓఈసీడీ 2021లో ఆమోదించింది.

ఇవికాక, ఎండ తగిలితే పదార్థం విషంగా మారుతుందా అని ల్యాబ్‌లో పెంచే కణాలపై కాంతి వేసి చూస్తారు. జన్యువులను పాడు చేస్తుందా అని బ్యాక్టీరియాపై పరీక్షిస్తారు. అలాంటి నిర్మాణమే ఉన్న పాత రసాయనాల వివరాలతో కంప్యూటర్‌లో పోల్చి చూస్తారు. ఇవన్నీ దాటిన తర్వాతే వాలంటీర్ల చేతి మీద చిన్న ప్యాచ్ పెట్టి చూస్తారు.

హైదరాబాద్‌లో

మొయినాబాద్‌కు నగరం అవతలి వైపున, హబ్సిగూడలో సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) ఉంది. దాని ఇంక్యుబేషన్ కేంద్రం, హ్యూమేన్ సొసైటీ ఇంటర్నేషనల్ ఇండియా కలిసి ‘సెంటర్ ఫర్ ప్రెడిక్టివ్ హ్యూమన్ మోడల్ సిస్టమ్స్’ను నెలకొల్పాయి. జంతువులకు బదులు మనిషి కణాల ఆధారంగా పనిచేసే పద్ధతులను దేశంలో ముందుకు తేవడమే దాని పని.

2022 ఆగస్టులో మరో వార్త వచ్చింది. ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ శాస్త్రవేత్తలు మనిషి కంటి కణజాలంతో 3డీ ప్రింటింగ్ ద్వారా కార్నియా తయారు చేశామని ప్రకటించారు. దాన్ని మొదట అమర్చింది మాత్రం కుందేలు కంట్లోనే. వైద్య పరిశోధన ఇంకా జంతువులను పూర్తిగా వదలలేదని ఇది చూపిస్తుంది. లిప్‌స్టిక్ కోసం ఒక జీవాన్ని బాధపెట్టడం వేరు, చూపు పోయిన వారికి చికిత్స వెతకడం వేరు అన్న ఆలోచనతోనే చట్టం ఈ రెండింటి మధ్య గీత గీసింది. మందుల విషయంలోనూ కణాల పరీక్షలు, కంప్యూటర్ పద్ధతుల వంటి ప్రత్యామ్నాయాలకు చోటిస్తూ 2023లో నిబంధనలను సవరించారు.

ఇంకా తేలని ప్రశ్నలు

కొత్త పద్ధతులు అన్నింటికీ జవాబు ఇవ్వలేవు. ఏళ్ల తరబడి రోజూ పూసుకుంటే కాలేయం, మూత్రపిండాలపై ప్రభావం ఏమిటి? గర్భంలోని బిడ్డకు ఏమవుతుంది? ఒక ల్యాబ్ బిళ్ల దీనికి పూర్తిగా బదులు చెప్పలేదు. అందుకే తయారీదారులు ఎక్కువగా ఇప్పటికే భద్రత తెలిసిన పదార్థాలనే వాడతారు. పదార్థం చర్మం దాటి లోపలికి ఎంత పోతుందో కొలిచి, దాన్నిబట్టి మోతాదుకు హద్దు పెడతారు.

ముద్రల అర్థం ఏమిటి?

‘క్రూయల్టీ ఫ్రీ’ అంటే జంతువులపై పరీక్షించలేదని. ‘వీగన్’ అంటే జంతువుల నుంచి వచ్చిన పదార్థం లేదని. పురుగుల నుంచి తీసే కార్మైన్ ఎరుపు రంగు, గొర్రె ఉన్ని నుంచి వచ్చే లానోలిన్ ఇందులో ఉండవు. ‘హలాల్’ ముద్ర ముఖ్యంగా పంది కొవ్వు వంటి నిషిద్ధ పదార్థాలు, తయారీలో శుభ్రత గురించి చెబుతుంది. ఈ మూడూ వేర్వేరు సంగతులు. ఒకటి ఉంటే మిగతావి ఉన్నట్టు కాదు. ఇక ‘నేచురల్’ అన్న మాట ఏ పరీక్షకూ సాక్ష్యం కాదు.

అసలు జాగ్రత్త ఎక్కడ?

సుర్మా: కొన్ని రకాలను సీసం కలిసిన గలీనా రాయిని నూరి తయారు చేస్తారు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంత వరకు ఫరవాలేదు అనే మోతాదు దానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లేబుల్ లేని సుర్మా పసిపిల్లల కళ్లకు పెట్టకపోవడమే మేలు.

నల్ల మెహందీ: గోరింటాకు పండాలంటే గంటలు పడుతుంది, రంగు నారింజ నుంచి ముదురు ఎరుపు వరకే వస్తుంది. నిమిషాల్లో నల్లగా పండిందంటే అందులో పి.పి.డి. కలిపి ఉండవచ్చు. లాష్ లూర్‌లో ఉన్నది ఇదే. చర్మం బొబ్బలెక్కడమే కాదు, తర్వాత జీవితాంతం హెయిర్ డై పడకుండా పోవచ్చు.

హెయిర్ డై: పి.పి.డి. ఉన్న రంగుల ప్యాకెట్ మీద స్థానిక భాషలోనూ హెచ్చరిక ముద్రించాలి. ముందుగా కొద్దిగా రాసి చూడాలని, కనుబొమలకు, రెప్పలకు వాడితే చూపు పోవచ్చని అందులో ఉంటుంది. చెవి వెనుక కొద్దిగా రాసి 48 గంటలు ఆగి చూడటం ప్రతిసారీ అవసరమే.

తెల్లబరిచే క్రీములు: పాదరసం కలిపినవి మూత్రపిండాలను పాడు చేస్తాయి. మన నిబంధనల ప్రకారం కళ్ల దగ్గర వాడేవి కాకుండా మిగతా వాటిలో అనుకోకుండా కలిసిన పాదరసం కూడా పది లక్షల్లో ఒక వంతు మించరాదు.

కొనేముందు డబ్బా తిప్పి చూస్తే చాలు. తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, గడువు తేదీ, విదేశీ సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబర్ ఉండాలి. ఇవేవీ లేని సరుకు ఎవరి కళ్లబడకుండా బజారుకు చేరినట్టే. దాన్ని కుందేలు మీదా పరీక్షించలేదు, కణాల మీదా పరీక్షించలేదు. మొదటి పరీక్ష జరిగేది కొన్నవారి ఇంట్లోనే. వాడాక మంట, వాపు వస్తే వెంటనే కడిగేసి డాక్టర్‌ను కలవాలి. డబ్బాను పారేయకుండా దాచి, రాష్ట్ర డ్రగ్స్ కంట్రోల్ అధికారులకు ఫిర్యాదు చేయవచ్చు.