మెదడులోని యలలు: ముందు చూచినదెవరు?



మూర్ఛ వచ్చి పడిపోయినవాని గుప్పిట తాళపుచెవుల గుత్తి యుంచుట మీరందఱు చూచినదే. ఇనుము తగిలిన పట్టు విడుచునని మనవారి నమ్మకము. ఆ పట్టు కొంతసేపటికి సాధారణముగా తనంతట తానే విడుచును గాని, యినుమునకు దానితో సంబంధము లేదు. మూర్ఛ పుట్టునది మెదడునందు. అందు సదా మిక్కిలి స్వల్పమైన విద్యుత్తు కదలాడుచుండును. అది కట్టుదప్పి పొంగినప్పుడు మనుష్యుడు కూలును. తలకు తీగెలు తగిలించి యా విద్యుత్తును అలలుగా గీయు యంత్రములు నేడు పట్టణపు వైద్యశాలలలో నున్నవి. ఈ యలలను మొదట కనుగొన్నవారెవరని నేను పుస్తకములు తిరగవేయగా, సమాధానమునకు బదులొక తగవు దొరికినది. ఆ తగవునే నేడు మీకు విన్నవింపదలచితిని.

ఇంగ్లండులోని లివర్‌పూలు పట్టణమున రిచర్డు కేటన్ అను వైద్యుడుండెను. 1875 ఆగస్టులో నతడు ఎడిన్‌బరోలో జరిగిన వైద్యుల సభయందు తన ప్రయోగములను వివరించెను. కుందేళ్ల మెదడును, కోతుల మెదడును తెఱచి, తీగెల నానించి, అద్దము గల విద్యున్మాపకముతో పరీక్షింపగా, అందు విద్యుత్తు నిలుకడ లేక యాడుచుండెనట. ఆ ప్రసంగ సంగ్రహ మొక ఆంగ్ల వైద్యపత్రికలో నచ్చుపడినది. శరీరధర్మశాస్త్రమునకు నాడు పెద్దభాష జర్మను. ఆ భాషా పండితుల కంటికి నిది యానలేదు. 1887లో కేటన్ అమెరికాలోని వాషింగ్టను నగరమున మరల ప్రసంగించి, సభవారు మెచ్చిరి గాని పెక్కుమందికి బోధపడలేదని తన దినచర్యలో వ్రాసికొనెను.

ఇంతలో, నేటి ఉక్రెయినులోని ఖార్కోవునందు డనిలెవ్‌స్కీ యనునతడు 1877లో నట్టి విషయమునే రష్యను భాషలో గ్రంథముగా వ్రాసెను. 1883లో వియన్నాయందు ఫ్లైష్‌ల్ అనునతడు తన ఫలితములను లేఖగా వ్రాసి, ముద్రవేసి, అచటి శాస్త్రపరిషత్తున దాచియుంచెను. విత్తనము గాదెలో దాచి పంట నాదనుట వంటిది! 1890లో క్రాకోవు నగరమున ఆడాల్ఫు బెక్ అను పోలిషు విద్యార్థి, వీరి సంగతి యెఱుగకయే, కుక్కలపైనను కుందేళ్లపైనను ప్రయోగములు చేసెను. మెదడు ఊరకున్నప్పుడు విద్యుత్తు ఎగుడుదిగుడుగా నాడుననియు, కంటికి వెలుగు చూపగానే యా యాట యడగుననియు నతడు కనిపెట్టెను. అతని గ్రంథము పోలిషుభాషలోనిది. కాని యతడొక తెలివైన పని చేసెను: దాని సారమును జర్మను భాషలో నొక పత్రికకు పంపెను.

అంతటితో అందఱును మేల్కొనిరి. ముద్రవేసిన నా లేఖను విప్పి చూడుడని ఫ్లైష్‌ల్ అనెను. డనిలెవ్‌స్కీ తన గ్రంథమును జ్ఞప్తి చేసెను. 1891లో కేటన్ అదే పత్రికకు చిన్న జాబు వ్రాసి, 1875లోనే యీ సంగతి తాను ప్రకటించితినని చెప్పగా తగవు తీరినది. ఒకే చెఱువును నలుగురు నాలుగు గట్లనుండి చూచి, ఒకరి కేక యొకరికి వినబడక, ఎవరికి వారు తామే ముందనుకొనిరి. వీరిలో మోసగాడెవడును లేడని నా తలంపు.

మనుష్యుని మెదడలలను మొదట గీసినవాడు జర్మనీలోని యేనా పట్టణపు మానసవైద్యుడు హాన్సు బెర్గరు. 1924లో గీసి, అయిదేండ్లు తనలో తాను శంకించి, 1929లో ప్రకటించెను. పూర్వుడైన కేటనును పేర్కొనెను కూడ. కన్నులు మూసినప్పుడు సెకనుకు సుమారు 10 అలలు వచ్చుననియు, తెఱచినప్పుడు అడగుననియు నతని మాట. ఈసారి భాష జర్మనే; అయినను నమ్మినవారు తక్కువ. శరీరధర్మశాస్త్రజ్ఞులలో నతనికి పరపతి లేదు. 1934లో కేంబ్రిడ్జి పండితుడు, నోబెలు బహుమానము పొందిన ఏడ్రియన్, తన శిష్యుడు మాథ్యూసుతో గూడి అవే యలలను చూపిన పిమ్మటనే లోకము తల యూపెను. చెప్పిన మాటకన్న చెప్పినవాని పీట యెత్తు ముఖ్యమైనది!

ఆ బెర్గరే నాజీల కాలమున, వంశపారంపర్య మూర్ఛరోగము మొదలగునవి గలవారికి సంతానము కలుగకుండ శస్త్రచికిత్స విధించు న్యాయస్థానమున కూర్చుండెను. ఆచార్యుడైన బెక్, యూదుడగుటచే 1942లో ల్వూవు నగరమున తన్ను పట్టుకొనవచ్చిన వారికి చిక్కక, విషము మ్రింగి మరణించెను. విద్యచరిత్రలో దీనిని దాచరాదు.

1935లో బోస్టను వైద్యులు గిబ్సు, డేవిసు, లెనాక్సు అనువారు, కొద్దిసేపు స్మృతి తప్పు మూర్ఛలో సెకనుకు 3 చొప్పున వచ్చు ప్రత్యేకమైన యలలను వర్ణించిరి. గిబ్సు భార్య యెర్నా యా పరిశోధనశాలలోనే పనిచేయుచుండెను. ఆ వ్యాసముపై ఆమె పేరు లేదు. 1941లో వెలువడిన తరంగచిత్ర సంపుటముపై నిద్దఱి పేర్లును గలవు.

1949లో నీ శాస్త్రమునకై యొక ప్రత్యేకపత్రిక పుట్టి, ఆంగ్లము ఫ్రెంచి యను రెండు భాషలలో వ్యాసములు గైకొనెను. 2021 నవంబరులో యునెస్కో వారు శాస్త్రప్రచురణలందు బహుభాషలను ప్రోత్సహింపుడని సభ్యదేశములకు సిఫారసు చేసిరి. కేటను, బెక్కు మొదలగువారి కథను వెదకి 1961లో గ్రంథము వ్రాసినది మేరీ బ్రేజియర్ అను శాస్త్రజ్ఞురాలు. బెక్ వ్రాసిన పోలిషు గ్రంథము ఆంగ్లమున సంపూర్ణముగా వెలువడినది 1973లో. అప్పటికతడు గతించి 31 ఏండ్లు.