1908 మూసీ వరద - ఓ చిన్న లెక్క

పోయిన నెల మూసీ ఒడ్డున ఓ ఫ్లాటు చూడ్డానికి వెళ్ళాం. "పైన గండిపేట, హిమాయత్‌సాగర్ ఉన్నాయి సార్, ఇక్కడికి వరదొచ్చే చాన్సే లేదు" అన్నాడు బిల్డరు. మా ఆవిడ నా మొహంకేసి చూసింది. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, సివిల్ కాదు. అయినా ఇంటికొచ్చాక ఊరుకోలేకపోయాను.

వంతెనైనా ఆనకట్టైనా కట్టేముందు, అది తట్టుకోవాల్సిన వరద ఎంతో ఒక అంకె అనుకోవాలి. దాన్నే డిజైన్ వరద అంటారు. పాతకాలంలో దీనికి సులువు సూత్రాలుండేవి. 1865 నాటి డికెన్స్ సూత్రంలో, నదికి నీళ్ళొచ్చే ప్రాంతం ఎన్ని చదరపు మైళ్ళో తీసుకుని, 0.75 పవరుకి పెంచి, 825తో హెచ్చవేస్తారు. క్యూసెక్కులు వచ్చేస్తాయి! మద్రాసు వైపు వాడిన రైవ్స్ సూత్రం 1884 నాటిది. అందులో పవరు మూడింట రెండు, గుణకం 450 నుంచి 675 దాకా.

హైదరాబాదుకి ఎగువన మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్ళు. డికెన్స్ లెక్కన సుమారు 1,31,000 క్యూసెక్కులు. రైవ్స్ లెక్కన, పెద్ద గుణకం వేసినా 61,000. (అప్పట్లో ఎవరో ఇలా లెక్కేశారని కాదు, నేనే వేసి చూశాను.)

1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద అంచనా 4,25,000 క్యూసెక్కులు.

మూడు రెట్ల పైమాటే! శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన పడింది. దానికి తోడు ఆ ప్రాంతంలో 788 చెరువులుండేవి, వాటిలో 221 తెగిపోయాయి. పైచెరువు తెగి కిందిచెరువు మీద పడటం, అదీ తెగటం... ఒక సర్వర్ పడిపోతే దాని లోడు పక్క సర్వర్ మీద పడి అదీ పోయినట్టు. సూత్రంలో చెరువుల ఊసే లేదు. అది అప్పటిదాకా జనం చూసిన వరదల మీద గీసిన గీత, అంతే. చూడని వరద దానికి తెలియదు.

సుమారు 15,000 మంది పోయారంటారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు డిజైన్ మాత్రం ఎవరూ చెయ్యలేదు!

తర్వాత నిజాం పిలిపిస్తే విశ్వేశ్వరయ్య వచ్చి, నగరానికి ఎగువనే వరదని ఆపాలని చెప్పారు. 1920లో ఉస్మాన్‌సాగర్ (మన గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరాన్ని కాపాడాయి, కాదనను. కానీ జలాశయం నిండితే గేట్లెత్తాల్సిందే కదా. 2025 సెప్టెంబరు చివర్లో ఎత్తితే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్లోకి నీళ్ళొచ్చాయి. 2020 అక్టోబరులో గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు, బాలాపూర్ వైపు గుర్రంచెరువు తెగి ఇళ్ళమీద పడ్డాయి. అంటే, చెరువులు తెగడం 1908తో అయిపోయిన కథ కాదు.

మళ్ళీ బిల్డరుకి ఫోన్ చేసి, "ఎంత వరదకి డిజైన్ చేశారండీ?" అని అడిగా. "ఈ పదేళ్ళలో ఇక్కడికి చుక్క రాలేదు సార్" అన్నాడు.

ఆయనదీ సూత్రమే. మేం ఫ్లాటు కొనలేదు.