అరుదైన క్షార లోహాలు: నీటితో చర్య

రుబీడియం, సీజియం, ఫ్రాన్సియం ఆవర్తన పట్టిక మొదటి నిలువు వరుసలో పొటాషియానికి దిగువన ఉండే లోహాలు. నీరు తగిలితే ఇవి ఎలక్ట్రాన్‌ను వదులుకుని హైడ్రాక్సైడుగా మారతాయి, హైడ్రోజన్ వెలువడుతుంది. వరుసలో కిందికి దిగేకొద్దీ పేలుడు పెద్దదవుతుందని బడిలో చెప్పే మాట సగమే నిజం. చర్య వేగం పెరుగుతుంది, దాంతోపాటు పేలుడు బలమూ పెరగాలని లేదు.

పొటాషియం, సోడియాలను 1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ విద్యుత్తుతో వేరుచేశాడు. 1860లో జర్మనీలో బున్సెన్, కిర్కాఫ్‌లు డ్యూర్క్‌హైమ్ ఊటనీటిని మరగకాచి, మిగిలిన లవణాన్ని మంటలో పెడితే వర్ణపటంలో కొత్తగా రెండు నీలి గీతలు కనిపించాయి. అది సీజియం. మరుసటి ఏడాది లెపిడోలైట్ అనే అబ్రకంలో ఎర్రగీతల రుబీడియం దొరికింది. సీజియం లోహాన్ని 1882లో గానీ కార్ల్ సెట్టర్‌బర్గ్ తీయలేకపోయాడు.

రుబీడియం మార్కాపురం వాళ్లు రోజూ ముట్టుకునేదే. అక్కడి పలకరాయి కడప బేసిన్‌లో కంభం పొరలది. పాతకాలపు బురద ఒత్తిడికి గట్టిపడి అలా మారింది. ఉలి పెట్టి తడితే రేకులుగా విడిపోవడానికి కారణం, అందులో ఒకే వరసన పరుచుకున్న సన్నటి అబ్రకం. ఆ అబ్రకంలో పొటాషియం ఉంటుంది, పొటాషియం చోట అక్కడక్కడా రుబీడియం చేరుతుంది. పిల్లలు తడిగుడ్డతో తుడిచినా, ఉమ్మేసి చెరిపినా పలకకు ఏమీ కాదు. రాతిలో ఉన్నది అప్పటికే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న అయాన్ మరి.

లోహం సంగతి వేరు. సీజియం 28.5, రుబీడియం 39.3 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతాయి. గిద్దలూరు మే ఎండలో రెండూ ద్రవాలే. గాలి తగలకుండా గాజుగొట్టంలో సీలుచేసి ఉంచాలి. సోడియం, పొటాషియం నీటిపై తేలతాయి, ఇవి మునుగుతాయి. సీజియం సున్నాకు 116 డిగ్రీలు దిగువనున్న మంచుతోనూ చర్య జరుపుతుంది. అయినా దాని పరమాణు భారం 133, సోడియానిది 23. గ్రాముకు గ్రాము తూస్తే సీజియం నుంచి వచ్చే హైడ్రోజన్ సుమారు ఆరో వంతే. సీజియంతో స్నానపు తొట్టి ముక్కలైనట్టు ఒక బ్రిటిష్ టీవీ కార్యక్రమం చూపింది గానీ, అసలు పేలింది చాటున పెట్టిన మందుగుండు.

ఇంతకీ నీటిలో క్షార లోహం ఎందుకు పేలుతుంది? వేడికి హైడ్రోజన్ అంటుకోవడం వల్లనే అని చాలాకాలం అనుకున్నారు. అదొక్కటే అయితే, పుట్టిన ఆవిరి, హైడ్రోజన్ పొర అడ్డుపడి లోహాన్నీ నీటినీ విడదీయాలి, చర్య చల్లబడాలి. ప్రాగ్‌లో పావెల్ యుంగ్‌విర్త్ బృందం సోడియం-పొటాషియం మిశ్రమలోహపు చుక్కలను నీటిలో వదిలి అతివేగ కెమెరాతో చిత్రించింది. 2015లో వెలువడిన ఫలితం ప్రకారం, మిల్లీసెకను లోపే చుక్క నుంచి ముళ్లలా లోహం పొడుచుకొస్తుంది. ఎలక్ట్రాన్లు ఒక్కసారిగా నీటిలోకి దూకడంతో మిగిలిన ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. కొత్త ఉపరితలం తెరుచుకుంటుంది, అప్పుడే అసలు పేలుడు.

ఫ్రాన్సియాన్ని 1939లో పారిస్‌లో మార్గరీట్ పెరె గుర్తించింది. ఎక్కువ కాలం నిలిచే ఐసోటోపు అర్ధాయువే 22 నిమిషాలు. కంటికి కనిపించేంత ముక్క చేసినా, నీటిదాకా చేరకముందే తన రేడియోధార్మిక వేడికే ఆవిరైపోతుంది. లెక్కలైతే ఉన్నాయి. దాని బయటి ఎలక్ట్రాన్ కాంతివేగంతో పోల్చదగిన వేగం ప్రభావం వల్ల కేంద్రకానికి కాస్త దగ్గరగా లాగబడుతుంది. దాన్ని ఊడదీయడానికి 4.07 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, సీజియానికి 3.89 చాలు. కాబట్టి చర్యాశీలతలో ఫ్రాన్సియం సీజియాన్ని మించకపోవచ్చు.